డిక్కీ మ్యాట్ కింది బార్

పందెంలో ఓడిపోవడం ఆమెకు కొత్తేమీ కాదు. కొండదారి పందేల్లో గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ, ఆ సంగతి ఆమె ఎక్కడా దాచుకోలేదు కూడా. కానీ సొంత బండిలో, నిన్నగాక మొన్న స్టీరింగ్ పట్టిన కుర్రాడి చేతిలో ఓడిపోవడం మాత్రం ఇదే మొదలు.

బండి కట్టేది అన్న, నడిపేది ఆమె. ఆ షెడ్డు మొదలైన నాటినుంచీ అదే ఏర్పాటు. చిన్నప్పుడు ఎప్పుడు చూసినా బానెట్ మీదెక్కి కూర్చునేదని అన్న ఆమెను 'పిట్ట' అంటాడు. తల నెరుస్తున్నా ఆ పేరు పోలేదు. ఈ ఏడు కొత్తగా అన్న బావమరిది వచ్చి చేరాడు. మనిషికి నిలకడ తక్కువ, దూకుడు ఎక్కువ. షెడ్డులో అందరూ 'రాకెట్టు' అని పిలుస్తారు, అతనూ అదేదో బిరుదైనట్టు పలుకుతాడు. కొండ పందేనికి వెళ్లే బండి ఒకటే, అందులో సీటూ ఒకటే.

"మాటలెందుకు? ఇద్దరూ పాత క్వారీ రోడ్డు మీద నడపండి. ఎవరు త్వరగా వస్తే సీటు వాళ్లది," అన్నాడు అన్న. న్యాయంగానే ఉందనిపించి ఆమె తలూపింది. ఆ సీటు పోతే తనకు మిగిలేది షెడ్డులో టీ కలపడమేనని ఆమెకు బాగా తెలుసు. తెలిసే ఒప్పుకుంది.

మొదటి మలుపులోనే ఏదో తేడా కొట్టింది.

కారు బాడీ అంటే చూడ్డానికి గట్టిగానే ఉంటుంది కానీ, మలుపులో అది కీళ్లు వదులైన కుర్చీలా మెలితిరుగుతుంది. ఎక్కడ బిగించారన్నదాన్ని బట్టి దాని నడక మారుతుంది. ముందు షాక్ అబ్జార్బర్ల తలలు రెండింటినీ కలుపుతూ, ఇంజన్ మీదుగా అన్న ఎప్పుడో ఒక బార్ వేశాడు. దాంతో స్టీరింగ్ ఎటు తిప్పితే ముక్కు అటే తిరిగేది. వెనక కూడా అలా బిగిస్తే బండి తోక చెప్పాపెట్టకుండా జారుతుందని, అక్కడ మాత్రం కావాలనే వదులుగా ఉంచాడు. వేగం మరీ ఎక్కువైతే ముందు చక్రాలే కాస్త బయటికి జారి 'ఇక చాలమ్మా' అని హెచ్చరించేవి, ఆమె తగ్గేది. అలా బండి, ఆమె ఒకళ్ల మాట ఒకళ్లు వింటూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చారు.

ఇవాళ ముందు చక్రాలు ఏ హెచ్చరికా చేయలేదు. ఉన్నట్టుండి తోక పక్కకి విసిరేసింది. ఆమె స్టీరింగ్ ఎదురు తిప్పి ఎలాగో నిలబెట్టింది. రెండో మలుపులో మళ్లీ అంతే. ఆ తర్వాత ప్రతి మలుపుకీ బెదురుతూనే వచ్చింది. ఆమె తర్వాత రాకెట్టు నడిపాడు. అతనికి తోక ఊపుకుంటూ వెళ్లడమే సరదా. దుమ్ము రేపుకుంటూ వచ్చి నవ్వుతూ దిగాడు.

"బండిలో ఏమైనా మార్చావా అన్నా?" అని అడిగింది ఆమె.

"ఏం మార్చలేదు పిట్టా. బండి అదే. నీ చెయ్యే మారింది," అన్నాడు అన్న. ఎంతో ప్రేమగా భుజం మీద చెయ్యి వేసి మరీ అన్నాడు.

ఆమె నమ్మింది. ఏడవాల్సింది దానికే. బండి చెప్పేది ముందు కూర్చున్నచోట తెలుస్తుంది, తర్వాతే చేతులకీ చెవులకీ అని నేర్పింది ఆ అన్నే. ఆ మాట మీదే ఆమె ఇన్నేళ్లు లోయల అంచున చక్రాలు తిప్పింది. కూర్చున్నచోట అంత గట్టిగా తెలుస్తున్నా, అన్న ఒక్క మాట అనేసరికి తన ఒంటినే అనుమానించింది. షెడ్డు వెనక కుళాయి కింద చేతులు కడుక్కుంటూ, వీటికేమైందని వాటినే మార్చి మార్చి చూసుకుంది.

సీటు పోయాక సామాను ఎందుకని, తన వస్తువులు తీసుకోవడానికి డిక్కీ తెరిచింది. పాత రెయిన్‌కోటు, గ్లౌజులు, నడుముకి పెట్టుకునే చిన్న దిండు. దిండు లాగుతుంటే మ్యాట్ అంచు లేచింది. సర్దుదామని నొక్కితే కూర్చోలేదు, కింద ఏదో తగులుతోంది. మ్యాట్ ఎత్తింది.

వెనక షాక్ అబ్జార్బర్లు రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఒక బార్ ఉంది. చివరల్లో బోల్టులు బిగించే పట్టీలకు వేసిన వెల్డింగ్ కుట్టుపని చేసినట్టు వరసగా, నీటుగా ఉంది. అంత నీటుగా వెల్డింగ్ చేసే చెయ్యి ఆ చుట్టుపక్కల ఒక్కటే. బార్‌కి బండి రంగే వేశాడు. వేసి ఊరుకోలేదు. ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కనపడాలని పైన గ్రీజూ దుమ్మూ కలిపి పూశాడు. వేలితో రుద్దితే కింద కొత్త రంగు నిగనిగలాడింది. బార్ వేశాడంటే ఏదో అనుకోవచ్చు. ఈ మసి పూసేటప్పుడు ఏమనుకుంటూ పూశాడు?

అన్న బెంచీ దగ్గర గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఆమె పిలవలేదు. డిక్కీ తెరిచే ఉంచి, మ్యాట్ తెచ్చి అతని కాళ్ల దగ్గర పడేసింది. అన్న మ్యాట్‌ వంక చూశాడు. చేతులు తుడుచుకోవడం మాత్రం ఆపలేదు.

"నిన్ను దిగమంటే నువ్వు దిగుతావా పిట్టా?" అన్నాడు చివరికి.

"అడిగి చూశావా?"

"ఎలా అడగను? ఏ ముఖం పెట్టుకుని అడగను? నువ్వు జాగ్రత్తగా నడుపుతావు. జాగ్రత్తగా నడిపితే రెండో స్థానం, మూడో స్థానం. నేను కట్టిన బండి ఒక్కసారైనా మొదట రావాలని నాకుండదా?"

"ఉంటుంది. ఉండాలి కూడా. ఆ మాట నాతో అని ఉంటే రెండు రోజులు అలిగేదాన్ని, మూడో రోజు నేనే తాళాలిచ్చేదాన్ని. నోటితో చెప్పలేక బండితో చెప్పించావు. పైగా నా చెయ్యే మారిందన్నావు."

గుమ్మంలో నిలబడి అంతా విన్న రాకెట్టు లోపలికి వచ్చి డిక్కీలోకి తొంగి చూశాడు. అతని ముఖంలో నవ్వు ఎగిరిపోయింది.

"నాకు తెలీదు వదినా. ఒట్టు," అన్నాడు. తర్వాత అన్న వైపు తిరిగి, "తీసెయ్ బావా. తీసేసి మళ్లీ నడుపుదాం. ఇలా గెలిచానని నేను ఎవరికి చెప్పుకోను?" అన్నాడు.

అన్న స్పానర్ తీసుకున్నాడు. బోల్టులు ఒక్కొక్కటే విప్పి, బార్ ఊడదీసి, తెచ్చి ఆమె ముందు నేల మీద పెట్టాడు. "చూసుకో. ఇంకేం లేదు," అన్నాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ముందూ వెనకా, కిందా మీదా వెతికింది. తన జన్మలో ఆ బండి కిందికి అనుమానంతో తొంగి చూడటం అదే మొదటిసారి. నిజంగానే ఇంకేం లేదు.

మళ్లీ క్వారీ రోడ్డు. ఆమె దిండు సర్దుకుని కూర్చుంది. మొదటి మలుపు దగ్గరికి వస్తుండగానే తెలిసిపోయింది, బండి తన పాత బండే. ముక్కు తిప్పినట్టు తిరుగుతోంది, తోక బుద్ధిగా వెంట వస్తోంది. ఎప్పటిలా ముందు చక్రాలు జారి చాలనేదాకా తొక్కి ఉంచితే చాలు.

కాలు లేచింది. ఆమె లేపలేదు, దానంతట అదే యాక్సిలరేటర్ మీంచి లేచింది. రెండో మలుపులో పళ్లు బిగబట్టి తొక్కింది, మళ్లీ లేచింది. ఇంకెక్కడ ఏం బిగించాడో, ఏం వదులు చేశాడో అని ఒళ్లంతా చెవులు చేసుకుని వింటోంది. బండిలో ఏ తప్పూ లేదని కళ్లారా చూసుకుంది, అయినా కాలు వినలేదు. ఇన్నేళ్లూ ఆ మలుపుల్లో తాను నమ్మింది బండిని కాదని, బండి కట్టిన మనిషినని ఆమెకు అప్పుడు తెలిసింది.

పొద్దున వచ్చినదానికంటే ఆలస్యంగా వచ్చింది. గడియారం పట్టుకున్న రాకెట్టు అంకె పైకి చెప్పలేక తల దించుకున్నాడు. అన్న మాత్రం ఆత్రంగా ఎదురొచ్చాడు.

"ఏమైంది పిట్టా? బండి ముందులాగే ఉంది కదా?"

"ముందులాగే ఉంది," అని ఆమె తాళాలు అతని చేతిలో పెట్టింది. "ఇప్పుడు మారింది అన్నా, నా చెయ్యి."

దిండు చంకలో పెట్టుకుని క్వారీ రోడ్డు వెంట నడిచి వెళ్లిపోయింది.