బొటనవేలి బ్రేకు

“ఆ బండి ఎవరికైనా ఇచ్చెయ్యి నాన్నా,” అంది మా అమ్మాయి.

ఇంట్లో అందరం మా అమ్మాయిని పిడుగు అని పిలుస్తాం. నేను షెడ్డులోకి వెళ్ళి బండి మీద కప్పిన గుడ్డ తీశాను.

మట్టిదారుల్లో, రాళ్ళ మీద పోవడానికి చేసిన ఎత్తైన బండి అది. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి కొండమీది ఇళ్ళకు పిడుగు దాని మీదే మందులు చేరవేసేది. వానల్లో ఒక దిగుడు దగ్గర జారి పడింది. కుడి చీలమండలో ఎముకలకు మేకులు వేసి బిగించారు. ఇప్పుడు నడుస్తుంది, కానీ ఆ పాదం కిందికి వంగదు. వెనక బ్రేకు ఉండేది ఆ పాదం కిందే. మందులు పంపే ఆఫీసువాళ్ళు ఆఫీసులోనే కుర్చీ ఇచ్చి కూర్చోమన్నారు. కూర్చుంది. కుర్చీలో పిడుగును చూడటం నావల్ల కాలేదు.

చదునైన రోడ్డు మీదైతే ముందు బ్రేకుతో ఎలాగో నెట్టుకు రావచ్చు. రాళ్ళ దిగుడులో అదొక్కటే పట్టుకుంటే ముందు చక్రం జారి మనిషి నేల మీదుంటాడు. వెనక బ్రేకు ఉండాల్సిందే. కాలికి కుదరనప్పుడు చేతికి ఇవ్వాలి. కుడిచేతికి ముందు బ్రేకు, ఎడమచేతి వేళ్ళకు క్లచ్చు. ఖాళీగా ఉన్నది ఎడమ బొటనవేలు ఒక్కటే.

పాత స్కూటరు నుంచి బ్రేకు ఆయిలు తోసే చిన్న పంపు తీశాను. అల్యూమినియం ముక్క అరగదీసి బొటనవేలితో నొక్కే మీట చేశాను. పంపు నుంచి వెనక చక్రం దాకా కొత్త గొట్టం లాగాను. ఎక్కి సందు చివరి దాకా పోయి నొక్కి చూశాను. కొద్దిగా నొక్కగానే గట్టిగా పట్టింది, చక్రం ఆగింది. నాలో నేనే మురిసిపోయాను.

సాయంత్రం పిడుగు ఆఫీసు నుంచి వచ్చాక షెడ్డు వైపు తల ఊపాను. వెనకాలే వాళ్ళమ్మా వచ్చింది.

“మీ నాన్న పిలిచాడా? నోరు తెరిచి?”

“తల ఊపాడమ్మా.”

“అయితే పెద్ద సంగతే.”

పిడుగు మీట వంక చాలాసేపు చూసింది. కాలు ఎత్తి ఎక్కడానికి కష్టపడింది, నేను పట్టుకోబోతే వద్దంది. పిడి పట్టుకుని బొటనవేలు చాచింది. అందలేదు. ఇంకా చాచింది. మీట అందేసరికి అరచెయ్యి సగం పిడి మీది నుంచి లేచిపోయింది. దిగుడులో అలా చెయ్యి వదిలితే ఇంకేమైనా ఉందా?

“ఇది నీ చేతికి చేసుకున్నావు నాన్నా,” అని దిగింది. “చెప్పానుగా, ఇచ్చెయ్యమని.”

కుంటుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నా అరచెయ్యి మూకుడంత. దానిది వాళ్ళమ్మలా చిన్న చెయ్యి.

“జాకెట్టు కుట్టే దర్జీ కూడా టేపు పట్టుకుంటాడండీ,” అంది మా ఆవిడ. “పిల్లను పిలిచి ఓ మాట అడిగితే మీ సొమ్మేం పోయింది? దానికి చెప్పకుండా చేసి అబ్బురపరుద్దామనుకున్నారు. అబ్బురపడింది చాలా!”

నిజమే.

ఆమె వంటింట్లోకి పోయి పిండి పిసకడం మొదలుపెట్టింది. నేను హ్యాండిలు గొట్టం ముక్క ఒకటి కడిగి, తుడిచి, వంటింట్లోకి తీసుకెళ్ళాను. పిండిలోంచి ఒక ముద్ద తీసుకున్నాను.

“అయ్యో, చేతులు కడిగారా?”

గొట్టం చివర పిండి దట్టంగా చుట్టి, పిడుగు గదిలోకి వెళ్ళాను. కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది.

“పట్టుకో.”

“ఏంటిది? రొట్టెలు చేస్తున్నావా?”

“బండి పిడి అనుకుని పట్టుకో. బొటనవేలు కష్టపడకుండా ఎక్కడికి పోతే అక్కడ నొక్కు.”

నవ్వొచ్చినా ఆపుకుంది. పట్టుకుని నొక్కింది. పిండిలో చిన్న గుంట పడింది. నేను మీట పెట్టిన చోటు కంటే అది పిడికి బాగా దగ్గరగా, ఇంకా కిందికి ఉంది. నేను ముందుకు తోసేలా చేశాను, దాని వేలు కిందికి నొక్కుతోంది. స్థలం ఒక్కటే కాదు, మీట తిరిగే దిక్కే తప్పు.

“నాన్నా,” అంది పిడుగు, వేలు గుంటలోంచి తియ్యకుండా. “మీట అందకపోవడం కాదు. ఈ కాలు నా మాట వినదు. దిగుడు అనుకుంటే చాలు, కుర్చీలో కూర్చున్నా సరే, అదే ముందు నొక్కుతుంది. నిజంగా దిగేటప్పుడు కాలు నొక్కి, చెయ్యి మర్చిపోతే?”

అదన్నమాట. ఇన్నాళ్ళూ ఇచ్చెయ్యమన్నది అందుకు.

నేను పక్కన కూర్చున్నాను.

“నొక్కనీ,” అన్నాను. “కాలుని ఆపకు. దాంతోపాటు వేలు కూడా నొక్కితే చాలు.”

మర్నాడు సెలవు. ఆ గుంట చూసుకుంటూ మీట మళ్ళీ చేసి బిగించాను. గొట్టం విప్పి కలపడంతో ఆయిల్లోకి గాలి చేరింది. గాలి ఉంటే మీట స్పాంజిలా ఉంటుంది, బ్రేకు పట్టదు. మొదటిసారి ఒక్కణ్ణే తిప్పలు పడి తీశాను, ఇద్దరుంటే మేలు. పిడుగు తనే వచ్చి పిడి దగ్గర నిలబడింది. నేను వెనక చక్రం దగ్గర స్పానర్‌తో కూర్చున్నాను.

“నొక్కు.”

“నొక్కా.”

“పట్టుకునే ఉండు.” గాలి వదిలే మర తిప్పాను. ఆయిలుతోపాటు బుడగలు సీసాలోకి దిగాయి. మర బిగించాను. “వదులు.”

అలా పొద్దంతా. పొడుగాటి గొట్టం, గాలి ఓ పట్టాన వదల్లేదు. దాని వేలు నొప్పి పుట్టి మధ్యలో ఊదుకుంటోంది. గుమ్మంలోంచి వాళ్ళమ్మ అంది: “మూడు మాటలే అయినా, పొద్దుటి నుంచీ మాట్లాడుతూనే ఉన్నాడే మీ నాన్న! రికార్డు చెయ్యండర్రా ఎవరైనా.”

“నవ్వించకమ్మా, వేలు జారుతుంది!”

చివరికి బుడగలు ఆగాయి.

“నాన్నా, మీట దిగట్లేదు. రాయిలా ఉంది.”

“అలాగే ఉండాలి.”

షెడ్డు వెనక కంకర గుట్ట మీదికి లారీలు ఎక్కే దారి ఉంది. పిడుగు హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. నేను కింద నిలబడ్డాను. మా ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుంది. పిడుగు పైకి చేరి బండి తిప్పి, అక్కడే ఆగిపోయింది. ఇంజిను మోగుతోంది, కదలదు.

“పిలవండి, దిగి నడిచి వచ్చెయ్యమనండి,” అంది మా ఆవిడ.

నేను పిలవలేదు.

బండి కదిలింది. దిగుడు మొదలవగానే కుడికాలు బిర్రబిగుసుకుని, మోకాలు పైనుంచి కిందికి తోయడం నాకు కనిపించింది. అప్పుడే వెనక చక్రం కంకరలో గీత గీసింది. వేలు కూడా నొక్కింది. బండి వంకరపోయి, సర్దుకుని, నెమ్మదించి, కిందికొచ్చి మా ముందు ఆగింది.

పిడుగు హెల్మెట్ అద్దం ఎత్తింది. మొహమంతా చెమట.

“మరీ అంత తొందరగా పట్టేస్తోంది నాన్నా. మీటకి కొంచెం ఫ్రీ ఇవ్వు, కాస్త నొక్కాకే పట్టాలి. బురదలో ఇలా ఉంటే చక్రం బిగిసిపోతుంది.”

“బురదలోకా?” అంది వాళ్ళమ్మ.

నేను స్పానర్ కోసం జేబులు తడుముకున్నాను. అది నా చేతిలోనే ఉంది.