నల్ల గింజలు

పొందూరు నుంచి ఆమదాలవలస వెళ్ళే దారిలో ఉన్న ఆ ఊళ్ళో నల్లగింజ మొక్కజొన్న వేసేది తవిటమ్మ వాళ్ళొక్కరే. అక్కడ దాన్ని జొన్న అనే అంటారు. మొగుడు జగన్నాధం ఎప్పుడో కొండవైపు ఊరి నుంచి తెచ్చిన విత్తనం అది. ఏటేటా మంచి పొత్తులు ఏరి, పైడొప్పలు జడలా అల్లి, పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీసేవాడు. ఈసారీ జ్యేష్ఠంలో తన చేత్తోనే విత్తాడు. గింజ పాలుపోసుకోకముందే పోయాడు.

పంట చేతికొచ్చాక తవిటమ్మ పది పొత్తులు ఉప్పేసి ఉడికించి, పక్కింట్లో ఉండే మరిది హరిబాబుకి పట్టుకెళ్ళింది. అన్న చేతి ఆఖరి పంట, తమ్ముడి నోట్లోనూ పడాలి కదా అనుకుంది.

ఆ ఆదివారం తోడికోడలు పద్మకుమారి అక్కచెల్లెళ్ళు విజయనగరం నుంచి వచ్చి ఉన్నారు. వెన్న కలిపిన పసుపు గింజలు కప్పుల్లో పెట్టుకుని చెంచాలతో తింటున్నారు.

"ఏటక్కా, పుచ్చిపోయినట్టున్నాయి?" పద్మకుమారి బుట్టలోకి తొంగి చూసింది.

"పుచ్చు కాదే. దాని రంగే అంత. మీ బావగారు ఏసిందే."

"జొన్నపొత్తులు మేం తినడం మానేసి సాన్నాళ్ళయిందక్కా. ఇది కార్న్. అదేరు, ఇదేరు." చెల్లెళ్ళ వైపు తిరిగి కన్ను గీటింది. "మా అక్కకి కార్న్ తెలీదనుకోకండి. మొన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ అరికాలు సూసి సెప్పింది, కార్న్ ఉన్నాదని. ఆనెకాయ. ఆ ఒక్క కార్నే మా అక్కది."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకుండానే పద్మకుమారి బుట్ట అందుకుని పెరట్లోకెళ్ళి గేదె తొట్టిలో బోర్లించింది. గేదె కరకరా నమిలింది. హరిబాబు గుమ్మంలో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

తవిటమ్మ ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది. ఏడవలేదు. ఆ రాత్రి అన్నం కూడా మామూలుగానే తింది.

కార్తీకం వెళ్ళేసరికి హరిబాబు వరి కోసిన మడిలో స్వీట్ కార్న్ వేస్తున్నాడని ఊరంతా తెలిసింది. మోహనకృష్ణ అనే వ్యాపారి విశాఖపట్నం నుంచి వచ్చి విత్తనం ఇచ్చాడు. పచ్చి పొత్తులు తనే కొంటానన్నాడు. తవిటమ్మ మడి దాని పక్కనే, గాలికి ఎగువన. ఆమె ఆ ఏడు మినుములు చల్లుదామని విత్తనం కూడా తెచ్చుకుంది.

ఒకరోజు బోరు దగ్గర కాళ్ళు కడుక్కుంటూంటే గట్టవతల మాటలు వినిపించాయి.

"ఆ యాపారి సెప్పినాడే, సుట్టుపక్కల ఏరే జొన్న ఉండకూడదని. వదినకి ఓ మాట సెప్పొస్తాను," అన్నాడు హరిబాబు.

"ఎల్లి బతిమాలతావేటి? ఆవిడది జొన్న, మనది కార్న్. దానికీ దీనికీ ఏటి సంబంధం? పది మందిలో నానన్న మాట నాకే అప్పసెప్పుద్ది. ఎల్లకు," అంది పద్మకుమారి.

"అయితే పున్నమి ఎల్లినాక ఏసేద్దాం," అన్నాడు హరిబాబు. వెళ్ళలేదు.

తవిటమ్మ కాళ్ళు కడుక్కోవడం ఆపి అలాగే నిలబడిపోయింది. జగన్నాధం మాట గుర్తొచ్చింది. జొన్న మొక్క తలమీద జల్లు విచ్చుకుంటే దాని పుప్పొడి గాలికి లేచి ఎవరి పొత్తు మీదైనా వాలి అందులోనూ నల్ల గింజ కట్టిస్తుందనీ, అందుకే తన నల్లగింజని ఎప్పుడూ ఊరికి దూరంగా మెట్టలోనే వేస్తాననీ చెప్పేవాడు. ఒకరి పంట పాడుచేసిన ఉసురు మనకొద్దు అనేవాడు.

ఆమె ఇంటికెళ్ళి మినుముల సంచీ మూతికట్టి అటకెక్కించింది. పొయ్యి మీద వేలాడుతున్న పొత్తులు దింపింది. నాటుజొన్నకి జల్లు రావడానికి స్వీట్ కార్న్ కంటే పది రోజులు ఎక్కువ పడుతుంది. పున్నమికి పది రోజుల ముందు, ఒక్కతే, ఆనెకాయ అడుగడుక్కీ సూదిలా పొడుస్తుంటే, మడంతా విత్తింది. ఆ నొప్పి ఆమెకి మంచిదే అనిపించింది. ఆ ఆదివారం నవ్వుని ఏ సాలులోనూ మర్చిపోనివ్వలేదు.

మాఘంలో ఒక పొద్దున్న గట్టు మీద నిలబడి చూసింది. తన మడిలో జల్లు విచ్చుకుంది. అవతల మడిలో పొత్తులకి లేత పీచు దిగింది. గాలి తన వీపుని తాకి అటు వెళ్తోంది. వరసగా వారం రోజులు వెళ్ళి చూసుకుంది, పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గర నిలబడ్డట్టు.

కోత రోజున మోహనకృష్ణ వ్యాన్‌తో దిగాడు. ఒక పొత్తు ఒలిచాడు. పసుపు గింజల మధ్య నల్ల గింజలు, పళ్ళూడిన నోరులా. ఇంకోటి ఒలిచాడు. ఇంకోటి. నల్ల గింజ కొరికి ఉమ్మేశాడు.

"పిండిలాగుంది. ఇది నాకొద్దండీ," అన్నాడు. ఖాళీ వ్యాన్ వెనక్కి తిప్పుకున్నాడు.

హరిబాబు పొత్తు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "మా అన్న గింజ," అని గట్టు మీద కూలబడ్డాడు.

"బాగా సూడు బాబూ," అంది తవిటమ్మ గట్టవతల నుంచి. "ఆ రోజు ఫోను సూసుకున్నావు."

పద్మకుమారి పరుగున వచ్చింది. "నువ్వు కావాలనే సేసినావు."

"నానేటి సేసినాను? జొన్న ఏసుకున్నాను. అదేరు, ఇదేరన్నావు కదే."



సాయంత్రం తవిటమ్మ అదే బుట్ట పట్టుకుని వాళ్ళ పెరట్లోకి వెళ్ళింది. పొత్తులు గుట్టగా పడున్నాయి. పద్మకుమారి వాటిని తొట్టిలో వేస్తోంది. గేదె తల ఎత్తకుండా నములుతోంది.

"ఇయ్యేటే, కార్నా, జొన్నా?" అడిగింది తవిటమ్మ.

పద్మకుమారి ఇంకో పొత్తు తొట్టిలో పడేసింది. తవిటమ్మ కదల్లేదు. కాలు సలుపుతున్నా నిలబడే ఉంది.

"జొన్నే," అంది పద్మకుమారి చివరికి, తొట్టి వైపే చూస్తూ.

"అయితే ఒకటి పట్టుకెల్తాను." గుట్టలోంచి ఒక పొత్తు ఏరి బుట్టలో వేసుకుంది.

ఇంటికొచ్చి ఉప్పేసి ఉడికించింది. గడపలో కూర్చుని నల్ల గింజలు గోటితో ఒక్కొక్కటే ఒలుచుకుని తింది. అవి ఆయనవి. పసుపు గింజలు ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు. మిగిలిన పొత్తుని కోళ్ళకి విసిరేసి, చేతులు కడుక్కుని, పొయ్యి మీదికి చూసింది. ఈసారి విత్తనానికి ఎన్ని పొత్తులు అల్లాలో లెక్కేసుకుంది.