తాటిబెల్లం జామ్

మా ఆవిడ సూర్యప్రభ నా చొక్కా వాసన చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడకి నా మీద అనుమానం రావడం ఇదే మొదలు. అదీ కొబ్బరినీళ్ల గురించి!

"నిజం చెప్పండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగగానే తాగుతున్నారు కదూ?"

"లేదే తల్లీ!" అన్నాను. నమ్మితేగా!

కిడ్నీలు చేతులెత్తేశాక ఎల్బీనగర్‌లో డయాలసిస్ చేయించుకుంటున్నాను. ఈమధ్య ప్రతి రక్తపరీక్షలోనూ పొటాషియం పెరుగుతోంది. ఇంకా పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. అప్పటినుంచి మా ఇంట్లో అరటిపండు లేదు, కొబ్బరి లేదు. కూరలు ఉడికించి, పొటాషియం పోవాలని నీళ్లు వంచేసి, ఆ పిప్పి వండి పెడుతోంది సూర్యప్రభ. నాకు మిగిలిన ఒకే ఒక్క సుఖం ఆవిడ చేసే యాపిల్ జామ్. దానికోసమే పొద్దున్నే లేస్తున్నానంటే అబద్ధం కాదు.

ఇంత చేసినా పొటాషియం దిగలేదు. దాంతో దొంగను నేనయ్యాను. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంటే ఫోను, మెట్రో ఎక్కితే ఫోను. ఏ తప్పూ చెయ్యకుండా రోజూ సంజాయిషీ ఇచ్చుకోవాలంటే ఒళ్లు మండిపోయేది. కోపం చల్లారితే భయం. బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ, గుండె కొట్టుకుంటోందో లేదో తడిమి చూసుకునేవాణ్ని.

చివరికి ఇద్దరం డైటీషియన్ దగ్గరికి వెళ్లాం. నల్లగొండ పిల్ల, పేరు జ్యోతిక.

"ఏందంకుల్, మళ్ల పెరిగింది? రోజంత ఏం తింటున్నరో జర చెప్పుండ్రి."

నేను నోరు తెరిచేలోపే సూర్యప్రభ సంచిలోంచి జామ్ సీసా తీసి బల్లమీద పెట్టింది. "ఇంట్లో లోపమేం లేదమ్మా. ఆఖరికి జామ్ కూడా బజారుది కొనను. పంచదార విషమంటున్నారుగా, పలుకు కూడా వెయ్యను. రాజమండ్రి నుంచి తాటిబెల్లం తెప్పించి నేనే చేస్తాను."

"అయ్యో ఆంటీ! బెల్లంల పొటాషియం మస్తుంటది. తాటిబెల్లమైతే ఇంకా ఎక్కువ. అంకుల్‌కు షుగర్ లేదు గద, చక్కెరేసి చేయుండ్రి. గదిగూడ రోజుకొక చెంచానే. గీ సీసా ఇయ్యాల్నే బంద్ చెయ్యుండ్రి."

గెలిచాను! బయటికి వెళ్లాక అనాల్సిన మాటలన్నీ అక్కడే కూర్చుని పేర్చుకున్నాను.

బయట ఆటో కోసం నిలబడ్డాం. సూర్యప్రభ సంచిలోంచి జామ్ సీసా మళ్లీ తీసి చూసింది.

"ఇన్నాళ్లూ నేనే పెట్టానా అండీ?" అంది. "నా చేత్తో నేనే?"

పేర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. ఆ మొహం చూడలేకపోయాను.

"నీ జామ్ ఒక్కటే కాదులే," అన్నాను. "సెంటర్ పక్కన బత్తాయి రసం బండి ఉంది. రోజూ ఒక గ్లాసు తాగుతున్నాను."

ఒక్క చుక్క తాగలేదు.

ఆవిడ నా వైపు తేరిపార చూసింది. "నాకు తెలుసు! నాకు తెలుసండీ! నోరు కట్టుకోలేని మనిషి!" అని నడిరోడ్డు మీదే కడిగిపారేసింది. ఏడుస్తూనే తిట్టింది. ఆటో ఎక్కాక కూడా ఆపలేదు.

ఇల్లు చేరేదాకా ఇలాగే తిడితే బాగుండుననుకుంటూ తలవంచుకుని కూర్చున్నాను.