గుంజ కింద నిమ్మకాయ

మన పల్లెల్లో పొద్దున్నే గొడ్లసావిట్లో పాలు పితికే ఇల్లాలిని మీరు చూసే ఉంటారు. దారిన ఎవరు పోతున్నా ఆమె చెయ్యి ఆగదు. ఆ పోయేది భర్త పోయిన ముసలావిడ అయితే మాత్రం చెంబు మీదికి కొంగు దానంతటదే వచ్చేస్తుంది. ఎందుకమ్మా అని అడిగితే, దుమ్ము పడుతుందండి అంటుంది. రేపల్లె దగ్గరి ఒక ఊళ్ళో, అలాంటి ముసలావిడే అయిన సుందరమ్మకు ఈ దుమ్ము సంగతి బాగా తెలుసు. మజ్జిగ కోసం గిన్నె పట్టుకుని వచ్చినప్పుడల్లా పొదుగు వైపు చూడకుండా, వాకిట్లో ముగ్గు వైపు చూస్తూ నిలబడేది.

అలా కొంగు కప్పే వాళ్ళలో హైమావతి ఒకతె. చెడ్డ మనిషేమీ కాదు. గిన్నె నిండా మజ్జిగ పోసేది, పైన ఉప్పుగల్లు కూడా వేసేది. కాని పాలు పితికేటప్పుడు కొంగు కప్పేది.

ఐఆర్-ఎనిమిది వరి మన డెల్టాకు కొత్తగా వచ్చిన రోజులవి. హైమావతి భర్త రాఘవయ్య, ఆయన తమ్ముడు బసవేశ్వరరావు ఆ ఏడే వేరుపడ్డారు. పొలం, ఇల్లు, బిందెలు, మంచాలు అన్నీ సమంగానే పంచారు పెద్దమనుషులు. గొడ్ల దగ్గరికి వచ్చేసరికి చీట్లు వేశారు. గౌరి అనే గేదె తమ్ముడి వాటాకు పోయింది.

పెద్దమనుషుల దృష్టిలో గేదె గేదే. హైమావతికి అలా కాదు. తల్లి ఈనుతూనే చచ్చిపోతే, ఆ దూడ నోట్లో పాలగుడ్డ పెట్టి బతికించింది ఆమె. పిల్లలు లేని ఆ ఇల్లాలి వెనకాలే అది పెరిగింది. ఇప్పుడు గౌరి గోడ అవతల తోడికోడలు కనకదుర్గ సావిట్లో ఉంటోంది. పొద్దునా సాయంత్రం కనకదుర్గ చెంబులో పడే పాలధార చప్పుడు హైమావతికి గోడ ఇవతలికి వినిపించేది. ఆ చప్పుడుకు కడుపు రగిలిపోయేది. ఒక్క మాట అడిగితే పోయేదానికి ఆవిడ అడగలేదు. అడగడం నామోషీ అనుకుంది.

ఆ కోపంతోనే ఒకరోజు రేపల్లె బజారుకు వెళ్ళి, బస్టాండు వెనక గుడారం వేసుకున్న మంత్రగాడిని కలిసింది. ఆ గేదె కనకదుర్గ చేతికి పాలివ్వకూడదు. విసుగెత్తి వాళ్ళే తిరిగి అప్పగించాలి. అంతే ఆమె కోరిక. అతను గడ్డం దువ్వుకుంటూ అంతా విన్నాడు.

"నేను చేస్తే ఆ పాపం నాకు తగులుతుంది తల్లీ. విద్య నేర్పుతాను, నువ్వే చేసుకో. మొదట చిన్నదానితో మొదలుపెడితే తర్వాత పెద్దవి వాటంతటవే వస్తాయి" అన్నాడు.

ఇలాంటి గురువులకు శిష్యులు ఎప్పుడూ దొరుకుతూనే ఉంటారు. నేర్పిన పాఠం కూడా పెద్ద కష్టమైనదేం కాదు. ఒక మంత్రం నోటికి రావాలి. గేదె తోకవెంట్రుకలు తెచ్చి, నిమ్మకాయకు ఎర్రదారంతో చుట్టాలి. ఊరంతా పొలాల్లో ఉండే మిట్టమధ్యాహ్నం పూట గేదెను కట్టేసే గుంజ కింద పాతిపెట్టాలి. ఒక్క అక్షరం తప్పినా విద్య ఎదురుతిరుగుతుందని చివర్లో భయం కూడా పెట్టాడు.

హైమావతి చదువు మొదలుపెట్టింది. మజ్జిగ చిలుకుతూ, కవ్వం తాడు లాగే లయలో ఆ మంత్రం వల్లెవేసేది. మధ్యలో ఒక ముక్క దగ్గర నాలిక మడతపడి, మళ్ళీ మొదటికొచ్చేది.

"ఏంటి గొణుగుతున్నావు?" అన్నాడు రాఘవయ్య ఒకరోజు.

"అమ్మవారి స్తోత్రమండి."

"మంచిదే. ఇన్నాళ్ళకు నీకూ భక్తి కుదిరింది" అని సంతోషించాడా అమాయకుడు.

మంత్రం నోటికి వచ్చాక ఒక మధ్యాహ్నం గోడ పక్క సందులోంచి అవతలి సావిట్లోకి వెళ్ళింది. ఎవరూ లేరు. ఆమెను చూడగానే గౌరి ముట్టె చాపి, పాత అలవాటు ప్రకారం ఆమె అరచెయ్యి నాకింది. తోకవెంట్రుకలు పీకినా కదల్లేదు, నమ్మకంగా నిలబడింది. హైమావతికి ఒక్క క్షణం చెయ్యాడలేదు. అయినా మంత్రం చదువుతూ, ఆ ముక్క దగ్గర మళ్ళీ తడబడి, నిమ్మకాయ పాతిపెట్టి, పైన మట్టి కప్పి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే గోడ అవతల కనకదుర్గ ఏడుపు వినిపించింది.

గౌరి నేల మీద పడి ఉంది. నోటివెంట నురగ కారుతోంది. కాళ్ళు వణుకుతున్నాయి. పొదుగులో చుక్క పాలు దిగలేదు. రాఘవయ్య అది చూడగానే సైకిలు తీసుకుని రేపల్లె పశువుల డాక్టరు కోసం వెళ్ళాడు. హైమావతి పాలు ఆగిపోవాలనుకుంది గాని, ప్రాణం పోవాలని ఎప్పుడూ కోరుకోలేదు. ఆ తడబడిన ముక్కే ఇంత పని చేసిందని, తన చేతులతో బతికించిన దాన్ని తనే చంపుకుంటున్నానని గోడ ఇవతలే ఆగిపోయింది.

ఇంతలో ఎవరో గుంజ దగ్గర కొత్తమట్టి చూశారు. తవ్వితే నిమ్మకాయ బయటపడింది. దానికి ఎర్రదారం, గేదె వెంట్రుకలు. ఊరు ఊరంతా సావిడి ముందు పోగైంది. చేతబడి అన్నారు. ఎవరు చేశారన్న ప్రశ్నకు ఆలోచించాల్సిన పనే లేకపోయింది. మొన్న మజ్జిగకు వచ్చిన సుందరమ్మ, "గౌరి నిగనిగలాడుతోందే" అందని ఒకరికి గుర్తొచ్చింది. ఆ మాట చాలు. ఇద్దరు వెళ్ళి ఆమెను రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చారు.

"ముందు పళ్ళు రాలగొట్టండి. పళ్ళు లేకపోతే మంత్రం పలకదు" అన్నాడొకడు. మన పల్లెల్లో ఇది పాత మందే. మంత్రగత్తె అనుకున్న మనిషికి పళ్ళు లేకుండా చేస్తే మాట సరిగ్గా పలక్క, విద్య పోతుందని నమ్మకం. మరొకడు పరుగెత్తికెళ్ళి బండి చీలలు కొట్టే సుత్తి తెచ్చాడు.

హైమావతి గోడ ఇవతలే ఉంది. నోరు మెదపకపోతే ఆమె మీదికి అనుమానం వచ్చే దారే లేదు. లోపలికి వెళ్ళి తలుపేసుకుందామనే అనుకుంది. అప్పుడు వినిపించింది సుందరమ్మ గొంతు. అందులో ఏడుపు లేదు.

"నన్నేమన్నా చేసుకోండి నాయనా. ముందు ఆ గేదె నోట్లో కాసిని నీళ్ళు పొయ్యండి. దప్పికతో నాలిక చాపుతోంది."

ఆ గొడవలో గౌరి దప్పిక గురించి ఆలోచించిన మనిషి ఆమె ఒక్కతే. హైమావతి సందులోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. సుందరమ్మకూ సుత్తికీ మధ్య నిలబడింది.

"ఆవిడ్ని వదలండి. ఆ నిమ్మకాయ పాతింది నేను."

బసవేశ్వరరావు తేరుకుని, "వదినా, నీకెందుకీ గోల? జాలితో మీదేసుకోకు" అన్నాడు.

"జాలి కాదు మరిదీ. ఆ దారం నా చీర అంచులోది, చూడు" అని, కట్టుకున్న చీర కొంగు చాపింది. "గౌరి మీ వాటాకు పోయిందని కడుపుమంటతో చేశాను. మంత్రం కూడా నేనే నేర్చుకున్నాను. కొట్టేదేదో నన్ను కొట్టండి."

సుత్తి పట్టుకున్నవాడు తల వంచుకుని దాన్ని నేల మీద పెట్టాడు. ఒక్క సంగతి గమనించండి. ఆ సుత్తి హైమావతి వైపు తిరగలేదు. భర్తా పొలమూ ఉన్న మనిషి మీదికి సుత్తి అంత తేలిగ్గా లేవదు. అది లేచేది వెనకాల ఎవరూ లేని సుందరమ్మల మీదికే.

రాఘవయ్య వెంట డాక్టరు మస్తాన్ వలి వచ్చేసరికి జనం అలాగే నిలబడి ఉన్నారు. తెనాలి మనిషి, నెమ్మదస్తుడు. ఎవరినీ ఏమీ అడక్కుండా ముందు గేదె కళ్ళు చూసి, నోరు వాసన చూశాడు.

"రాత్రి ఏం తాగింది?"

"రోజూ తాగే కుడితేనండి" అంది కనకదుర్గ.

"దేంట్లో పోశారమ్మా?"

ఆమె పక్కనున్న రేకు డబ్బా చూపించింది. డాక్టరు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు. "ఇది ఎండ్రిన్ డబ్బా కదండీ."

బసవేశ్వరరావు తడబడ్డాడు. చేనుకు పురుగుమందు కొట్టాక, గట్టి డబ్బా పారెయ్యడం దేనికని మొన్ననే ఇంటికి తెచ్చాడు. "శుభ్రంగా తోమానండి, బూడిదేసి మరీ. కంపు కూడా పోయింది" అన్నాడు.

"కంపు మీకు పోయిందేమో. తవుడు నీళ్ళు రాత్రంతా నానితే ఆ అతుకుల్లోంచి విషం దిగుతుంది. జాగ్రత్తపడమనే కదా, తయారుచేసినవాళ్ళు డబ్బా మీద పుర్రె బొమ్మ వేశారు. మీరు దాన్నే తోమేశారు."

గొట్టంతో మందు పోయించాడు, సూది వేశాడు, ఒళ్ళంతా కడిగించాడు. కొద్దిగా తాగి వదిలేసింది కాబట్టి బతుకుతుందని, కొన్నాళ్ళు పాలు మాత్రం పారబొయ్యమని చెప్పాడు.

"అయితే నా మంత్రం వల్ల కాదాండీ?" అని గొణిగింది హైమావతి.

జరిగిందేమీ తెలియకుండా వచ్చిన రాఘవయ్య నోరు తెరుచుకుని భార్యను చూశాడు. పక్కనున్నవాళ్ళు జరిగింది చెప్పారు. డాక్టరు నిమ్మకాయను చేతిలోకి తీసుకుని చూసి పక్కన పెట్టాడు.

"ఇది ఉప్పేసి ఊరబెడితే పచ్చడికి పనికొస్తుందమ్మా, ఇంకెందుకూ పనికిరాదు" అన్నాడు. హైమావతికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. డాక్టరు మాత్రం నవ్వలేదు. జనం వైపు తిరిగాడు. "గేదెకు విషం పెట్టింది డబ్బా. దానికి మందుంది. మీరు ఈ ముసలావిడ పళ్ళు రాలగొట్టుంటే దానికి నేనేం మందు ఇవ్వగలను?"

ఒక్కొక్కరే తప్పుకున్నారు. సుత్తి తెచ్చినవాడు వెళ్ళబోతూ ఆగి, సుందరమ్మ జారిపోయిన చెంగు తీసి ఆమె భుజం మీద వేశాడు.

సాయంత్రానికి గౌరి లేచి నిలబడి, హైమావతి చేతిలోంచి ఒక్క పరక గడ్డి అందుకుంది. కనకదుర్గ ఎదురుగా కూర్చుని ఉంది. కోపమో ఏడుపో తెలియని గొంతుతో అంది:

"నువ్వు అడిగుంటే నేనే తోలుకొచ్చి కట్టేదాన్ని కదక్కా. అది నా చేతికి సరిగ్గా చేపి పాలు దింపేది కాదు. ఆ మాట చెబితే నవ్వుతావని నేనూ చెప్పలేదు."

హైమావతి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంతకాలం గోడకు చెరోపక్క ఇద్దరూ ఒకే నామోషీని మోశారన్నమాట.

విషం విరిగి పాలు మంచివయ్యాక, గౌరి మళ్ళీ హైమావతి సావిట్లోకి వచ్చింది. పాలు రెండిళ్ళకూ పోతున్నాయి. ఒక పొద్దున ఆమె పాలు పితుకుతుంటే సుందరమ్మ గిన్నెతో వచ్చి, యథాప్రకారం ముగ్గు వైపు చూస్తూ నిలబడింది. హైమావతి కొంగు అలవాటుగా చెంబు మీదికి వెళ్ళబోయింది. ఆవిడ దాన్ని లాగి నడుములో దోపుకుంది.

"సుందరమ్మత్తా, ఇలా దగ్గరికి రా. గౌరి ఎలా కోలుకుందో చూడు."

సుందరమ్మ నమ్మలేనట్లు ఒక్కడుగు వేసింది, తర్వాత ఇంకొకటి. గౌరి వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. నురగ కట్టిన చెంబు వైపు తృప్తిగా చూసింది.

"నిగనిగలాడుతోందే" అంది.

"నీ చల్లని చూపత్తా" అంది హైమావతి, పితకడం ఆపకుండా. "చేతబడి అంటూ ఏదీ లేదు, ఉందని నమ్మి మనం సాటి మనిషికి చేసే కీడు మాత్రం ఉంది."