మాట్లాడని అరవై ముగ్గురు

అరవై మూడు ఫారాల మీద ఎవరో అబద్ధం రాశారు సార్ అంటోంది ఈ అమ్మాయి, గుమ్మంలో నిలబడే అనేసింది, కూర్చోమ్మా అన్నాను, ఫ్లాస్కు మూత తిప్పుతున్న చెయ్యి ఆగలేదు, నా దగ్గర మిగిలిన చివరి పరిశోధక విద్యార్థిని, ముప్పై ఏళ్ళనాటి నా సర్వే మీదే సిద్ధాంత వ్యాసం రాస్తోంది, పాత కట్టలన్నీ విప్పి ఒక్కో కాగితం చూస్తోందని నేనే డిటెక్టివ్ అని పేరు పెట్టాను, డిపార్టుమెంటంతా నవ్వారు, ఇప్పుడు నవ్వు రావడం లేదు, చూడండి సార్, పదకొండో ప్రశ్న, జలాశయం కోసం ఊరు ఖాళీ చెయ్యడానికి ఒప్పుకుంటారా అని, ఎదురుగా పెన్నుతో మాట్లాడలేదు అని ఉంది, పక్క గడిలో అంకె మాత్రం ఒకటి, ఒకటంటే ఒప్పుకున్నట్టు, మాట్లాడనివాళ్ళకి తొమ్మిది వెయ్యాలి కదా, అవునమ్మా తొమ్మిదే, క్లాసులో ఏటా చెప్పేది నేనేగా, మొత్తం రెండు వందల పద్నాలుగు ఇళ్ళు, నిజంగా ఒప్పుకున్నవి తొంభై ఎనిమిది, సగం కూడా కాదు, ఈ అరవై మూడూ కలిస్తేనే నూటికి డెబ్బై అయిదు, ఆ డెబ్బై అయిదుతోనే నా మొదటి వ్యాసం, దాంతోనే ఈ ఉద్యోగం, సలహా సంఘాలు, శాలువాలు, దాన్ని చూపించే ఊరు ఖాళీ చేయించి నీళ్ళు వదిలారు, కింద సంతకం మేడమ్‌ది సార్, అంది ఈ అమ్మాయి, చాలా మెల్లగా.

మేడమ్ అంటే నా భార్య, రెండేళ్ళయింది పోయి, ఆ సర్వే అప్పటికి మాకు పెళ్ళయి ఏడాది కాలేదు, ఇద్దరం ఒకే గురువు దగ్గర పరిశోధన, ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చింది తనే, ఒక ముసలావిడ అరగంట నా చెయ్యి పట్టుకుని కూర్చుందండీ, ఒక్క మాట లేదు అంది, చేతులు పట్టుకుంటే డాక్టరేటు ఇవ్వరోయ్ అన్నాను, చివరి రోజు తనచేత సంతకాలన్నీ ముందే పెట్టించేశాను, అంకెలు ఇంటికెళ్ళాక వేసుకోవచ్చు, అది మా పద్ధతి, ఖాళీ గడుల కింద రెండు వందల పద్నాలుగు సంతకాలు పెట్టి, వేళ్ళు విరుచుకుంటూ, ఇక నా ఆస్తంతా మీ పేర రాసేసినట్టే అని నవ్వింది, వ్యాసం అచ్చయ్యాక పట్టిక మీద వేలు పెట్టి, మాట్లాడనివాళ్ళ వరస ఏదండీ అంది, వద్దన్నవాళ్ళు వద్దన్నారుగా, అననివాళ్ళు ఒప్పుకున్నట్టే, అందరూ చేసేదే అన్నాను, నా వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది, తన పరిశోధన సగంలో ఆపేసింది, బడిలో లెక్కలు చెప్పుకుంది, మళ్ళీ ఆ ఊసెత్తలేదు, సర్దుకుందిలే అనుకున్నాను, ఇరవై ఎనిమిదేళ్ళూ అలాగే అనుకున్నాను, ఆస్పత్రిలో చివరి వారం అడిగాను, నా మీద కోపమేమైనా ఉందా అని, గోడవైపు తిరిగి పడుకుంది, లేదన్నమాట అనుకుని ఎంత తేలికపడ్డానో, మంచం పక్కనే కుర్చీలో హాయిగా నిద్రపోయాను కూడా, అంటే అక్కడా, ఆమెకి కూడా, ఒకటే వేశానా నేను.

మీరు బాధపడకండి సార్, మేడమ్ పొరబడ్డారని పేజీ అడుగున చిన్న గమనిక రాసేస్తాను, పోయినావిడ్ని ఎవరూ ఏమీ అనరు, మీ పేరుకి మచ్చ రాదు, అంటోంది, మంచి పిల్ల, నా మీద గౌరవంతోనే అంటోంది, పెన్ను మూత కూడా తీసింది, నేను తల ఊపక్కర్లేదు, ఊరుకుంటే చాలు, ఒప్పుకున్నారని రాసుకుంటుంది, నా శిష్యురాలేగా, ఒక్క నిమిషం గడిస్తే ముప్పై ఏళ్ళ నా అబద్ధం నా భార్య పేరు మీద అచ్చవుతుంది, అడగడానికి ఆమె లేదు, ఉన్నప్పుడూ నేను వినలేదు, ఆగమ్మా, అడుగున కాదు, మొదటి పేజీలోనే రాసుకో, ఆవిడ విన్నది విన్నట్టే రాసింది, సంతకాలు ముందే పెట్టించుకున్నది నేను, అంకెలు వేసింది నేను, చెయ్యి జారి కాదు, సగం దాటదని తెలిసే, ఒక్కో ఫారం తీసి, ఆవిడ రాసింది చదివి మరీ, అరవై మూడుసార్లు వేశాను, నేనే.