ఒకటో నంబరు అత్తయ్య

మా అత్తగారు రామతులసి నరసరావుపేటలోని మా లేతు షెడ్డుకు మొట్టమొదటిసారి వచ్చింది, నన్ను అక్కణ్ణుంచి లేపడానికి. సోమవారం నుంచి నేను కిరాణా కొట్లో మామయ్య పక్కన కూర్చోవాలట. నేను నడిపే కంప్యూటర్ లేతుకు ఇంకెవరినో మాట్లాడారట. నాకు ఏడుపొచ్చింది. నవ్వి కుర్చీ వేశాను.

ఆవిడ కూర్చోకముందే లోపలి నుంచి మా ఆయన శ్రీకర్ కేకేశాడు.

"అక్షయా! అత్తయ్య అరిగిపోయింది. తీసి అవతల పెట్టనా?"

ఇనుము కోసే టూళ్లకు కంపెనీవాళ్లు పెట్టేవి అక్షరాలూ అంకెలూ కలిసిన పేర్లు. చదివితే నాలుక మడతపడుతుంది. అందుకని మా ఇంట్లోవాళ్ల పేర్లు చీటీల మీద రాసి అతికించాను. మొదట బండగా కోసే మందపాటి మొనది అత్తయ్య. చివర్లో వెంట్రుకవాసి తీసి మెరుపు తెచ్చే సన్నమొనది ఆడబిడ్డ నిరోష. రంధ్రం పడాల్సిన చోట చుక్క పెట్టి పక్కకు తప్పుకునేది మామయ్య.

ఇదంతా అత్తగారికి చెప్పాల్సొచ్చింది.

"బండదానికి నా పేరా? మెరిసేదానికి నా కూతురి పేరా?"

"ఎక్కువ ఇనుము తీసేది అదే అత్తయ్యా."

"తీస్తే తియ్యనీ. మెరిసేదానికి నా పేరు పెట్టు."

పని పోతున్నదాన్ని, వాదించే ఓపిక లేదు. రెండు టూళ్లూ బల్ల మీదికి తెప్పించి, కొత్త మొనలు బిగించి, చీటీలు అటుదిటు మార్చి టీ తేవడానికి వెళ్లాను.

శ్రీకర్ అప్పుడు బయట ఫోన్లో ఉన్నాడు. నూజెండ్లలో కారం మిల్లు ఆగిపోయింది, షాఫ్టు ఎప్పుడిస్తారని ఆ మిల్లాయన గోల. వచ్చీరాగానే రోజూలాగే అత్తయ్యను అన్నిటికన్నా ముందు దిగే ఒకటో నంబరు గూట్లో బిగించి బటన్ నొక్కాడు. చీటీ చదివాడు. చదవడం వచ్చు, చూడటమే రాదు.

నేను టీ గ్లాసు ఆవిడ చేతిలో పెడుతుండగా టప్పుమంది. పరుగెత్తి ఎర్రబటన్ కొట్టాను.

"అత్తయ్య విరిగిపోయింది," అన్నాడు శ్రీకర్.

అత్తగారు తనను తాను ఒకసారి చూసుకుంది.

"ఏందే, ఏమైంది?"

"సన్నమొనకు బండపని పెట్టాం అత్తయ్యా. షాఫ్టుకేం కాలేదు. పైన గీతే పడింది, ఇంకా తీయాల్సిన ఇనుముంది."

ఆవిడ గ్లాసు కింద పెట్టి చీటీలు తనే పీకింది.

"నా పేరు నాదానికే పెట్టు."

మందపాటిది బిగించి నడిపాను. షెడ్డు రేకులు అదిరాయి. వేడివేడి ఇనపచుట్టలు కుప్పగా రాలాయి. అత్తగారు కూర్చోకుండా లేతు తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడింది.

"ఇది దిగకపోతే తక్కినవాళ్లకు పనే లేదు గదా?"

"లేదు అత్తయ్యా."

"మరి నీ పేరు దేనికి పెట్టావే?"

ఉన్నమాటే చెప్పాను.

"దేనికీ పెట్టలేదు అత్తయ్యా. ఎవరు ఎప్పుడు దిగాలో చెప్పేది నేను."

ఆవిడ చల్లారిపోయిన టీ తాగింది. ఫోను తీసి మామయ్యకు చేసింది.

"ఏమయ్యా, సోమవారం కొట్టుకు అమ్మాయి రాదు, నేనొస్తా. నువ్వు చుక్క పెట్టి పక్కకు తప్పుకో."