ఎడమవైపు పక్కదారి

నేను ఒక నెత్తుటి దారిని. నరసాపురంలో నగలు చేసే లక్కోజు మాణిక్యాచారి మెదడులో, ఎడమవైపు, వెంట్రుకకన్నా సన్నగా పుట్టాను. మెడలోంచి వచ్చే పెద్ద నాళం ఉండగా నన్ను పట్టించుకున్నవాళ్లు లేరు. నేనూ హాయిగా ఓ మూలన పడి ఉండేదాన్ని.

ఆ పెద్ద నాళం ఏళ్ల తరబడి లోలోపలే పూడుకుపోయింది. మాణిక్యాచారికి తెలియలేదు, నాకు తెలిసింది. చుట్టూ మెదడు ఆకలికి అల్లాడుతుంటే, దారి మళ్లిన నెత్తురంతా నా మీద పడింది. ఒరుసుకుంటూ పోయే ఆ ప్రవాహానికే నా గోడల్లో కొత్త కణాలు పుట్టాయి. నేను వెడల్పయ్యాను, పక్కన లేత కొమ్మలు కూడా వేశాను. ఆయన మాట, కుడిచెయ్యి ఇప్పుడు నా మీదే ఆధారం. అది తలుచుకుంటేనే నాకు వణుకు.

ఆయన టంకం అతికేది ఊదుగొట్టంతో, దీపం మంటని నోటితో నగ మీదికి ఊదుతూ. అదేపనిగా ఊదితే నెత్తుట్లో గాలి పాళ్లు తప్పి నేను ముడుచుకుపోతాను. ఆయన వేళ్లు తిమ్మిరెక్కుతాయి. "వేడి చేసిందే" అని మజ్జిగ తాగి, మళ్లీ ఊదేవాడు. మనుషుల సొంతవైద్యం అలా ఉంటుంది!

చివరికి భార్య భ్రమరాంబ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

"పక్కదారులు తెరుచుకుంటున్నాయి. ఇంకా లేతవి. గొట్టం ఊదడం మానెయ్యండి" అన్నాడు డాక్టరు.

మానేశాడు. గాజులకీ గొలుసులకీ గ్యాసు మంట వాడాడు. ఇంతలో ఎవరో పుస్తెలు చేయించమని వచ్చారు. పుస్తెలు మాత్రం తమ ఇంటివాళ్ల ఊపిరితోనే అతకాలన్నది మాణిక్యాచారి తాతలనాటి పట్టింపు.

"ఒక్కసారేనే!"

"వద్దండీ, మీకు దణ్ణం పెడతాను."

ఊదాడు. వద్దు వద్దనుకుంటూనే ముడుచుకున్నాను. లేత కొమ్మలు మూసుకుపోయాయి. ఆయన చేతిలోంచి పట్టకారు జారింది. భార్యని పిలవబోయి "భ్ర... భ్ర..." అన్నాడు. అంతకుమించి రాలేదు. ఇక ఎప్పటికీ రాదేమోనని నేను హడలిపోయాను.

ఊపిరి నిదానించాక మెల్లగా తెరుచుకున్నాను. "భ్రమరాంబా" అన్నాడు. ఆమె ఏడుస్తూనే గొట్టం లాక్కుంది.

"నేనీ ఇంటి మనిషిని కానేంటండీ? మీరు పట్టుకోండి, నేనూదుతాను."

ఇప్పుడు పుస్తెలకి ఆమె ఊపిరే. ఆమె బుగ్గలు ఉబ్బినప్పుడల్లా, అలవాటుకొద్దీ ఆయన పెదాలూ గుండ్రంగా చుట్టుకుంటాయి. అది చూసి ఆమె ఊదడం ఆపేస్తుంది.

"నా పేరేంటో చెప్పండి."

ఆయన నవ్వి మొదలుపెడతాడు. ఆ పేరు చివరి అక్షరం దాకా వినపడితే గానీ నాకు గుండె దిటవు కాదు.